పొద్దున 96, మధ్యాహ్నం 34: ఇంటి పీఎం 2.5 సెన్సార్‌లో తేమ తప్పును సరిదిద్దుకోవడం ఎలా?

డిసెంబరులో ఉదయం 6 గంటలకు సెన్సార్ పీఎం 2.5 (గాలిలో తేలే, 2.5 మైక్రాన్లకు మించని సన్నధూళి) ఘనపు మీటరుకు 96 మైక్రోగ్రాములని చూపిస్తుంది. మధ్యాహ్నం 2 గంటలకు అదే బాల్కనీలో 34. “రెండిట్లో ఏది నిజం? పొద్దున్నే నడకకు వెళ్లొచ్చా?” విజయవాడ భవానీపురం నుంచి గుంటూరు బ్రాడీపేట దాకా, ఇంట్లో చిన్న సెన్సార్ పెట్టుకున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇదే.

సూటిగా చెప్పాలంటే, ఆ 96లో కొంత పొగ, కొంత నీళ్లు. నీళ్లను తీసేయాలి, పొగను తీసేయకూడదు. ఈ రెండో సగాన్ని చాలామంది మర్చిపోతారు. తేమ పేరు చెప్పి పొద్దుటి అంకెను మొత్తం కొట్టిపారేస్తే, అసలు సరిదిద్దనే సరిదిద్దకపోవడం కంటే పెద్ద తప్పవుతుంది.

కావలసిందల్లా ఒక సెన్సార్, ఒక స్ప్రెడ్‌షీట్, గుప్పెడు ఉప్పు, రెండు మూడు వారాల ఓపిక.

## 1. ముందు ఇది అర్థమైతేనే మిగతాది పని చేస్తుంది

మన సెన్సార్ ధూళిని తూకం వేయదు. లోపల చిన్న ఫ్యాన్ గాలిని లాగుతుంది, లేజర్ కిరణం దాని మీద పడుతుంది, కణాలు వెదజల్లిన వెలుతురును ఒక కన్ను పట్టుకుంటుంది. ఆ వెలుతురు ఎంతుందో చూసి, ఇంత బరువు ఉండొచ్చని అంచనా కడుతుంది.

వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చెమర్చడం చూసే ఉంటారు. గాలిలో తేలే సన్నకణాల్లో చాలా వాటికి అదే గుణం ఉంది. అలాంటి లవణాల్లో ఒకటైన అమ్మోనియం సల్ఫేట్, తేమ సుమారు 80 శాతానికి చేరగానే నీళ్లు పీల్చి బొట్టుగా మారుతుంది. ఉప్పుకు ఆ గీత 75 దగ్గర, అమ్మోనియం నైట్రేట్‌కు 62 దగ్గర.

అమ్మోనియం సల్ఫేట్ కణం 80 శాతం తేమలో సుమారు 1.45 రెట్లు, 90 శాతంలో 1.7 రెట్లు వెడల్పవుతుంది. 1.7 రెట్ల వెడల్పు అంటే ఘనపరిమాణం దాదాపు 5 రెట్లు. అందులో అసలు పదార్థం ఐదో వంతే, మిగతాదంతా నీరు. కణం ఉబ్బితే వెదజల్లే కాంతి పెరుగుతుంది. నీటికి కాంతిని వంచే శక్తి కాస్త తక్కువ కాబట్టి ఆ పెరుగుదల కొంచెం తగ్గుతుంది, అంతే.

అన్ని కణాలూ ఇలా ఉబ్బవు. రోడ్డు మీద లేచే మట్టి, ఇసుక లారీల దుమ్ము, డీజిల్ ఇంజన్ నుంచి అప్పుడే వచ్చిన మసి దాదాపు నీళ్లు పీల్చవు. ఆటోనగర్ గాలికీ పొలాల గాలికీ ఒకే సవరణ సరిపోదు, కారణం ఇదే.

మరి ప్రభుత్వ స్టేషన్లలోని పెద్ద యంత్రాలకు ఈ బాధ ఎందుకు లేదు? అవి గాలిని లోపలికి తీసుకునే గొట్టాన్నే కాస్త వేడిచేసి, కణాలను ఆరబెట్టి కొలుస్తాయి. మన సెన్సార్ ఆరబెట్టదు. అందుకే ఆ పని మనం లెక్కలో చేయాలి.

ఇంకొక్క మాట. పొద్దున్నే గాలిలోకి కొత్తగా నీరేమీ వచ్చి పడనక్కర్లేదు. మధ్యాహ్నం 32 డిగ్రీల దగ్గర 48 శాతం తేమ ఉన్న గాలే, రాత్రికి 21 డిగ్రీలకు చల్లబడితే 92 శాతానికి చేరుతుంది. నీరు అంతే ఉంటుంది, శాతం మారుతుంది.

## 2. సరంజామా

- ధూళి సెన్సార్: పీఎంఎస్ 5003, పీఎంఎస్ 7003, ఎస్‌పీఎస్ 30, ఎస్‌డీఎస్ 011 లాంటిది ఏదైనా ఒకటి. ఎస్‌డీఎస్ 011 వాడేవాళ్లు గమనించండి, 70 శాతం తేమ దాకానే దాని హామీ. మన ఊరి తెల్లవారుజాములన్నీ ఆ గీత దాటినవే. పైగా దాని లేజర్ ఆయుష్షు 8,000 గంటలు. ఆపకుండా నడిపితే ఏడాది కూడా రాదు.
- తేమ సెన్సార్: ఎస్‌హెచ్‌టీ 31 అయితే మంచిది, బీఎంఈ 280 అయినా ఫర్వాలేదు. నీలం రంగు డీహెచ్‌టీ 11 వద్దు. మనకు తేమ లెక్క అవసరమయ్యేదే 80 దాటాక, అది నమ్మలేకుండా పోయేదీ అక్కడే.
- డేటా దాచే బోర్డు: నోడ్‌ఎంసీయూ లాంటిది.
- ఉప్పు, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, సీసా మూత ఒకటి.
- గూగుల్ షీట్స్ లేదా ఎక్సెల్.

రెడీమేడ్ మానిటర్ కొన్నవాళ్లు ఒకటి చూసుకోండి: గంటగంటకూ పీఎం 2.5, తేమ, ఉష్ణోగ్రత మూడూ ఫైలుగా దిగుమతి చేసుకునే వీలుందా? లేకపోతే ఈ పని కుదరదు.

## 3. తేమ సెన్సార్‌ను ఉప్పుతో పరీక్షించండి

ఈ మెట్టు ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. తర్వాత తలపట్టుకునేదీ వాళ్లే.

మూసిన డబ్బాలో తడి ఉప్పు ఉంటే, లోపలి గాలి తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. మీ సెన్సార్ అంత చూపిస్తోందా లేదా అన్నదే పరీక్ష.

1. సీసా మూతలో ప్యాకెట్ ఉప్పు వేయండి. కల్లుప్పు వద్దు. అందులో ఉండే మెగ్నీషియం లవణాలు ఇంకా తక్కువ తేమకే చెమరుస్తాయి, అంకె కిందికి జరుగుతుంది.
2. చుక్క చుక్కగా నీళ్లు పోసి తడి ఇసుకలా చేయండి. ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు.
3. మూతనూ తేమ సెన్సార్‌నూ డబ్బాలో పెట్టి మూసేయండి. ఉప్పు సెన్సార్‌కు తగలకూడదు.
4. ఎండ, ఏసీ, ఫ్యాన్ గాలి తగలని గదిలో రాత్రంతా ఉంచండి.
5. పొద్దున్నే మూత తీయకుండానే అంకె చూడండి.

75 రావాలి. 71 వస్తే మీ సెన్సార్ 4 తక్కువ చూపిస్తోందన్నమాట, లెక్కలో 4 కలపండి. 7కు మించి తేడా ఉంటే సవరణ జోలికి పోకుండా సెన్సార్‌నే మార్చేయండి.

నాలుగు శాతానికే ఇంత హడావుడి ఎందుకంటారా? 50 దగ్గర నాలుగు శాతం తప్పితే ఏమీ కాదు. 90 దగ్గర తప్పితే సవరణే తారుమారవుతుంది. ఆరో మెట్టులో ఆ అంకెలు చూడండి, మీకే తెలుస్తుంది.

## 4. డబ్బా ఎక్కడ కట్టాలి

ఇక్కడి నుంచి డబ్బా అంటే సెన్సార్లూ బోర్డూ పెట్టిన పెట్టె, ఉప్పు డబ్బా కాదు. మొదటి చలికాలం నేను నా డబ్బాను బట్టలారేసే తీగ పక్కనే కట్టాను. రాత్రి ఆరేసిన దుప్పట్ల తేమ, పక్క ఫ్లాట్ వంటింటి ఎగ్జాస్ట్, శుక్రవారం సాంబ్రాణి అన్నీ దానికే చేరాయి. ఆ నెల డేటా మొత్తం పారేయాల్సి వచ్చింది.

- వంటింటి ఎగ్జాస్ట్‌కు, స్నానాల గది కిటికీకి, ఏసీ బయటి యూనిట్‌కు దూరంగా ఉండాలి.
- నేరుగా ఎండ తగలకూడదు, వాన జల్లు పడకూడదు.
- గాలి రంధ్రాలు కిందికి తిరిగి ఉండాలి.
- గోడకు అతికించకండి, జానెడు ఎడం వదలండి. పగలు కాగిన గోడ రాత్రంతా వేడి వదులుతూనే ఉంటుంది.
- రంధ్రానికి మరీ సన్న జాలీ కట్టొద్దు, ఫ్యాన్ లాగలేదు. అసలు లేకపోతే చీమలు, సాలీళ్లు కాపురం పెడతాయి. దోమతెర గుడ్డ సరిపోతుంది.
- ఎయిర్ కూలర్ గాలి దరిదాపుల్లో ఉండకూడదు.

ఇక ముఖ్యమైనది, డబ్బా లోపలి వేడి. వైఫై బోర్డు వేడెక్కుతుంది. దాన్ని ఆనుకుని తేమ సెన్సార్ పెడితే అది తన చుట్టూ ఉన్న వెచ్చటి గాలిని కొలుస్తుంది. బయట 26 డిగ్రీలు, 90 శాతం తేమ ఉందనుకోండి. డబ్బాలో 28 అయితే అదే గాలి 80 శాతమే చూపిస్తుంది. రెండు డిగ్రీలకు పది శాతం!

అలాగని వాతావరణ యాప్‌లో చూసి బయటి తేమను లెక్కలో వేయకండి. లేజర్ ముందు నుంచి వెళ్లే గాలి తేమ మనకు కావాలి. కాబట్టి తేమ సెన్సార్ డబ్బాలోనే, ధూళి సెన్సార్ గాలి పీల్చే రంధ్రం పక్కన, బోర్డుకు వీలైనంత దూరంగా ఉండాలి. బోర్డు పైన, సెన్సార్లు కింద పెట్టండి. వేడి పైకి పోతుంది.

## 5. డేటా పోగు చేయండి

కనీసం రెండు వారాలు, మూడైతే ఇంకా మంచిది. పొడి మధ్యాహ్నాలూ తడి తెల్లవారుజాములూ రెండూ అందులో ఉండాలి. మే నెలలో మొదలుపెడితే పొడి వైపు బోలెడంత డేటా వస్తుంది, తడి వైపు ఖాళీగా ఉంటుంది. నవంబరు నుంచి జనవరి మధ్య మొదలుపెట్టడం తేలిక.

పోల్చడానికి ఒక నమ్మకమైన అంకె కావాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో ఆటోమేటిక్ స్టేషన్ల గంటగంటల పీఎం 2.5 దొరుకుతుంది. ‘సమీర్’ యాప్ కూడా ఆ మండలిదే.

అన్నిటికంటే మంచిది అనుమతి తీసుకుని మీ డబ్బాను ఆ స్టేషన్ పక్కనే రెండు వారాలు ఉంచడం. కాలేజీ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు లెక్చరర్ ఉత్తరంతో అడిగి చూడండి. అది కుదరకపోతే మీ ఇంటికి దగ్గరి స్టేషన్‌తో పోల్చాలి. మీ వీధిలో చెత్త తగలబెట్టిన పొగ ఆ స్టేషన్‌కు తెలియదన్నది మాత్రం గుర్తుంచుకోండి.

షీట్‌లో నిలువు వరసలు ఇవి:

- తేదీ, గంట
- సెన్సార్ పీఎం 2.5, గంట సగటు
- డబ్బా లోపలి తేమ, ఉప్పు పరీక్ష సవరణ కలిపాక
- డబ్బా లోపలి ఉష్ణోగ్రత
- స్టేషన్ పీఎం 2.5
- గమనిక: వాన, మంచు, పండగ మంటలు, కరెంటు కోత

పీఎంఎస్ సెన్సార్లు ఒకే పీఎం 2.5ను రెండు వరసల్లో ఇస్తాయి: ఒకటి ‘సీఎఫ్ 1’, రెండోది ‘అట్మాస్ఫెరిక్’. గాలి శుభ్రంగా ఉన్నప్పుడు రెండూ ఒకటే, కాలుష్యం పెరిగే కొద్దీ విడిపోతాయి. ఏదో ఒకటి పట్టుకుని చివరి దాకా దానితోనే ఉండండి.

గంటలు సరిచూసుకోండి. చాలా బోర్డులు గ్రీనిచ్ సమయంలో రాస్తాయి, మనది దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. ఇది సరిచేయకపోతే మీ పొద్దుటి 6 గంటల అంకె స్టేషన్ అర్ధరాత్రి అంకె పక్కన కూర్చుంటుంది, ఏ ఫార్ములా కాపాడలేదు. సరిచూడటం తేలికే: మీ షీట్‌లో తేమ అత్యధికంగా ఉన్న గంట తెల్లవారుజామున పడాలి. అర్ధరాత్రి పడుతోందంటే గడియారం తప్పు.

## 6. లెక్క

ముందు తేమను భిన్నంగా మార్చండి: 88 శాతం అంటే 0.88. దాని నుంచి ‘తేమ పదం’ కట్టాలి.

తేమ పదం = (తేమ × తేమ) ÷ (1 − తేమ)

ఉబ్బు = 1 + 0.25 × తేమ పదం

సవరించిన పీఎం 2.5 = సెన్సార్ అంకె ÷ ఉబ్బు

ఈ 0.25 తొలి అంచనాకు చాలామంది వాడే అంకె. మీ వీధికి అదే సరిపోతుందని కాదు. దానితో వచ్చే ఉబ్బు ఇలా ఉంటుంది:

- 50 శాతం తేమలో 1.13
- 70లో 1.41
- 80లో 1.80
- 85లో 2.20
- 90లో 3.03
- 95లో 5.51

50 నుంచి 70కి, అంటే ఇరవై శాతం పెరిగితే, ఉబ్బు 1.13 నుంచి 1.41కే వెళ్లింది. 90 నుంచి 95కి ఐదు శాతానికే 3 నుంచి 5.5కు ఎగిరింది. మూడో మెట్టులో ఉప్పు పరీక్ష గురించి అంత పట్టుబట్టింది ఇందుకే.

ఇప్పుడు మన 96, 34 సంగతి. పొద్దున తేమ 88 శాతం అనుకుంటే తేమ పదం 0.7744 ÷ 0.12 = 6.45, ఉబ్బు 2.61. 96ను 2.61తో భాగిస్తే 37. మధ్యాహ్నం తేమ 48 శాతం అయితే తేమ పదం 0.44, ఉబ్బు 1.11. 34ను దానితో భాగిస్తే 31.

చూశారా, మూడు రెట్లు కనిపించిన తేడాలో మిగిలింది 37కూ 31కీ మధ్యది. ఈ మిగిలిన తేడా మాత్రం నిజమే. రాత్రి నేల చల్లబడి దాని మీది గాలి పలచటి పొరలా కదలకుండా ఉండిపోతుంది. బండ్ల పొగ, పొయ్యిల పొగ ఆ పొరలోనే చిక్కుకుంటాయి. ఎండెక్కాక పైకి కలిసిపోతాయి.

## 7. మీ సొంత అంకె కనుక్కోండి

0.25 దగ్గరే ఆగిపోయినా ఏమీ చేయకపోవడం కంటే మేలే. కానీ రెండు వారాల డేటా చేతిలో ఉన్నప్పుడు మీ వీధి గాలికి, మీ సెన్సార్‌కు సరిపోయే అంకె తీసుకోవడం అరగంట పని.

1. స్టేషన్ అంకె 10 కంటే తక్కువ ఉన్న గంటలను పక్కన పెట్టండి. చిన్న అంకెతో భాగిస్తే నిష్పత్తి పిచ్చిగా ఊగుతుంది.
2. వాన, మంచు, మంటలు అని రాసుకున్న గంటలనూ, తేమ 90 దాటిన గంటలనూ తీసేయండి.
3. మిగిలిన ప్రతి గంటకూ నిష్పత్తి కట్టండి: సెన్సార్ అంకె ÷ స్టేషన్ అంకె.
4. ప్రతి గంటకూ తేమ పదం కట్టండి.
5. అడ్డంగా తేమ పదం, నిలువుగా నిష్పత్తి పెట్టి చుక్కల గ్రాఫ్ గీయండి. చుక్కలు ఎడమ నుంచి కుడికి పైకెక్కాలి.
6. స్ప్రెడ్‌షీట్‌లో స్లోప్ (చుక్కల గుండా పోయే గీత ఎంత నిటారుగా ఎక్కుతోందో), ఇంటర్‌సెప్ట్ (తేమ పదం సున్నా దగ్గర ఆ గీత ఎత్తు) అనే రెండు ఫంక్షన్లు ఉంటాయి. రెంటినీ తీసుకోండి.

ఉదాహరణకు ఇంటర్‌సెప్ట్ 1.2, స్లోప్ 0.24 వచ్చాయనుకోండి. పొడి గాలిలో కూడా మీ సెన్సార్ 1.2 రెట్లు ఎక్కువ చూపిస్తోందని మొదటిది చెబుతుంది. 0.24ను 1.2తో భాగిస్తే 0.2. అది 0.25కు బదులు మీ అంకె.

ఇక నుంచి: సవరించిన పీఎం 2.5 = సెన్సార్ అంకె ÷ (1.2 + 0.24 × తేమ పదం). ఆ 96 ఇప్పుడు 35 అవుతుంది.

అన్ని రోజులూ వాడేయకుండా చివరి నాలుగైదు రోజులను పరీక్ష కోసం దాచండి. దాచిన ఆ రోజులను సవరించి స్టేషన్‌తో పోల్చి, ఆ నిష్పత్తిని మళ్లీ తేమతో గ్రాఫ్ గీయండి. చుక్కలు బల్లపరుపుగా, 1 చుట్టూ ఉంటే సరే. తేమ పెరిగే కొద్దీ కిందికి జారుతుంటే మీరు పొగను కూడా కోసేస్తున్నట్టు. పైకెక్కుతుంటే ఇంకా నీళ్లు మిగిలినట్టు.

గ్రాఫ్‌లో ఇంకో వింత కనబడొచ్చు. ఉదయం 10 గంటలకు 60 శాతం, రాత్రి 8 గంటలకు 60 శాతం, కానీ నిష్పత్తులు వేరు. కంగారు పడకండి. అమ్మోనియం సల్ఫేట్ 80 దాటితేగానీ తడవదు, తడిశాక 35 దాకా దిగితేగానీ పూర్తిగా ఆరదు. అందుకే పొద్దున తడిసిన కణాలు 10 గంటలకు కూడా తడిగానే ఉంటాయి. తేడా మరీ పెద్దదైతే తేమ దిగే గంటలకు ఒక స్లోప్, ఎక్కే గంటలకు ఒక స్లోప్ తీసుకోండి. నేనైతే ఒక్కదానితోనే సరిపెట్టుకున్నాను. వచ్చే లాభం ఆ శ్రమకు తగ్గట్టు అనిపించలేదు.

## 8. మంచు పట్టిన గంటల్లో లెక్క ఆపేయండి

90 దాటాక ఉబ్బు ఎంత నిటారుగా లేస్తుందో చూశాం. అక్కడ తేమ ఒక్క శాతం తప్పినా జవాబు మారిపోతుంది. అందుకని 90 దాటిన గంటలను సవరించకుండా ‘నమ్మలేనివి’ అని గుర్తు పెట్టి వదిలేయడమే నా పద్ధతి.

కృష్ణ ఒడ్డున మంచు దిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ ఈ చివర నిలబడితే ఆ చివర కనపడని పొద్దుల్లో, సంగతి ఇంకా వేరు. అక్కడ ఉబ్బిన కణాలతో పాటు అసలు సిసలు నీటి బొట్లే తేలుతుంటాయి. సెన్సార్ వాటినీ ధూళిగానే లెక్కేస్తుంది. ఆ అంకెను ఏ ఫార్ములాతో భాగించినా అర్థం లేదు.

మంచు గంటల గుర్తులు:

- తేమ 95 దాటి కదలకుండా ఉండటం
- పీఎం 10 (10 మైక్రాన్ల దాకా ఉండే, ముతక ధూళి కూడా కలిసిన అంకె) వరస పీఎం 2.5 కంటే వేగంగా ఎగరడం
- ఎండ రాగానే అరగంటలో అంకె సగానికి పడిపోవడం
- బాల్కనీ కటకటాల మీద నీటి చుక్కలు

తేమ మీద అనుమానం వస్తే గన్నవరం విమానాశ్రయం వాతావరణ నివేదిక చూడొచ్చు. దాని కోడ్ వీఓబీజెడ్. అందులో ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలి ఎంతకు చల్లబడితే తేమ 100 శాతం అవుతుందో ఆ ఉష్ణోగ్రత) పక్కపక్కనే ఉంటాయి. 24, 22 అని ఉంటే తేమ 88 శాతం పైచిలుకు. అవి పూర్ణాంకాలు కాబట్టి ఐదారు శాతం అటూ ఇటూ కావచ్చు, కాబట్టి ఇది సరిచూసుకోవడానికే, లెక్కలో వేయడానికి కాదు. ఆ నివేదిక సమయం కూడా గ్రీనిచ్‌దే.

## 9. పొగా, నీరా?

భోగి తెల్లవారుజాము దీనికి సరైన పరీక్ష. తేమ 85 పైన, వీధి వీధినా మంటలు. సెన్సార్ 300 చూపిస్తుంది. సవరించాక 130 వచ్చిందనుకోండి. ‘అంతా తేమే’ అనుకునేవాళ్లకు ఆ 130 కనబడదు. మీ సవరణ ఆ శిఖరాన్ని చదును చేసేస్తే తప్పు సవరణలోనే ఉంది.

నేను చూసేవి ఇవి.

వేగం. తేమ నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది. గ్రాఫ్‌లో దాని ఆకారం నున్నగా ఉంటుంది. పది నిమిషాల్లో అంకె రెండింతలై, తేమ అక్కడే ఉంటే అది పొగ. ఇందుకోసమైనా గంట సగటుతో పాటు నిమిషాల డేటా దాచుకోండి.

రెండో డబ్బా. రెండు మూడు వీధుల అవతల స్నేహితుడి ఇంట్లో ఇంకో సెన్సార్ ఉంటే చాలా మేలు. తేమ రెండు చోట్లా ఒకేలా ఉంటుంది. ఒక్కచోటే ఎగిరితే అక్కడ ఎవరో ఏదో తగలబెట్టారు.

కాలం. వరికోతల తర్వాత గడ్డి తగలబెట్టే రోజుల్లో రాత్రి పొగ తేమతో పాటే పెరుగుతుంది, విడదీయడం కష్టం. పైగా గడ్డి పొగలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, అదీ ఒక ఉప్పే, అదీ నీళ్లు పీలుస్తుంది. దీపావళి టపాసుల పొగ కూడా అలాంటిదే. ఆ వారాల డేటాతో స్లోప్ కట్టకండి.

ముక్కు. నవ్వకండి, బాల్కనీలోకి వెళ్లి ఒక్కసారి గాలి పీల్చండి. నీటికి వాసన లేదు.

మా పక్కింటి పిన్నిగారు ఒక రోజు పొద్దున్నే తలుపు తట్టి, “బాబూ, నీ మిషను ఏమంటోంది? నాకైతే గొంతు పట్టేస్తోంది” అన్నారు. స్క్రీన్ మీద 140, తేమ 86. తేమేలెండి అనబోయి ఆగి లెక్క వేస్తే సవరించాక కూడా 60 దగ్గరుంది. వెనక వీధిలో ఎండుటాకుల కుప్ప కాలుతోంది.

## 10. తరచూ జరిగే తప్పులు, వాటి మందులు

సవరించిన అంకె మైనస్‌లో వస్తోంది. తేమను 0.88 అని కాకుండా 88 అని వేశారు.

రోజు సగటు తేమతో రోజు సగటు పీఎంను సవరించారు. ఇది చాలా మామూలు తప్పు. 12 గంటలు 90 శాతం, 12 గంటలు 50 శాతం తేమ ఉన్న రోజు సగటు 70, దాని ఉబ్బు 1.41. గంటగంట ఉబ్బుల సగటు మాత్రం 2.08. ముందు ప్రతి గంటనూ సవరించి, ఆ తర్వాతే సగటు తీయండి.

అమెరికా ఫార్ములా ఎత్తి పెట్టారు. నెట్‌లో 0.524తో గుణించి, తేమను 0.0862తో గుణించి తీసేసి, 5.75 కలిపే సూత్రం కనబడుతుంది. అది అమెరికాలోని పర్పుల్ ఎయిర్ మానిటర్ల కోసం అక్కడి గాలితో కట్టింది. మన గాలి వేరు, మీ డబ్బా వేరు.

హ్యుమిడిఫయర్‌తో పరీక్ష చేశారు. అల్ట్రాసోనిక్ హ్యుమిడిఫయర్ నీళ్లను తుంపరగా కొడుతుంది. తుంపర ఆరిపోయాక నీటిలోని లవణాలు సన్నకణాలుగా గాలిలో మిగులుతాయి. బోరు నీళ్లు పోస్తే ఇక చెప్పనక్కర్లేదు. సెన్సార్ అప్పుడు చూపించేది తేమ తప్పు కాదు, నిజమైన ధూళి.

మిర్చి ఘాటును పీఎం 10లో వెతుకుతున్నారు. గుంటూరు మిర్చి యార్డు పక్కన ఉండేవాళ్లు ఇది అడుగుతుంటారు. అలాంటి ముతక ధూళిని ఈ చిన్న సెన్సార్లు సరిగా పట్టుకోలేవు. పీఎం 10 వరసకు తేమ సవరణ చేసినా అది నమ్మదగ్గది కాదు.

ఒక్క గంట అంకెను 60తో పోల్చి టెన్షన్ పడుతున్నారు. మన జాతీయ ప్రమాణం ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు అన్నది 24 గంటల సగటుకు. సవరించిన గంటల సగటును దానితో పోల్చండి.

## 11. గాలినే వేడిచేసి ఆరబెడితే?

అడిగేవాళ్లు చాలామంది. పెద్ద యంత్రాలు చేసేది అదే కదా అని. 25 డిగ్రీలు, 90 శాతం తేమ ఉన్న గాలిని 50 శాతానికి దించాలంటే 35 డిగ్రీల దాకా వేడిచేయాలి, అంటే పది డిగ్రీలు. 40 శాతానికైతే 14 డిగ్రీలకు పైనే.

చేయొచ్చు. కానీ సెన్సార్ ఫ్యాన్ బలం చాలా తక్కువ, పొడవాటి గొట్టం పెడితే గాలి లాగలేదు. ఎక్కువ వేడి పెడితే అమ్మోనియం నైట్రేట్ ఆవిరైపోయి అంకె మరోవైపు తప్పుతుంది. బాల్కనీలో రాత్రంతా హీటర్ తీగ వదిలేయడం నాకు నచ్చని పని. సిలికా జెల్ డబ్బా గుండా గాలి పంపడమూ అంతే, కణాలు దారిలోనే అంటుకుపోతాయి. ఇంటి వరకు లెక్కే మేలు.

## 12. తర్వాత చూసుకోవాల్సినవి

- వారానికోసారి: రంధ్రం దగ్గర బూజు, చీమలు. గంటల వరసలో ఖాళీలు.
- నెలకోసారి: చిన్న రబ్బరు బ్లోయర్‌తో దుమ్ము ఊదడం. నోటితో ఊదకండి, తడి లోపలికి పోతుంది.
- మూడు నెలలకోసారి: ఉప్పు పరీక్ష మళ్లీ.
- కాలం మారినప్పుడు: ఏప్రిల్, జులై, డిసెంబరులో రెండేసి వారాల డేటాతో స్లోప్, ఇంటర్‌సెప్ట్ కొత్తగా తీయడం. పాతవి చెరపకుండా తేదీ వేసి దాచండి.
- సెన్సార్, బోర్డు, డబ్బా వీటిలో ఏది మార్చినా: మూడో మెట్టు నుంచి మళ్లీ మొదలు. డబ్బా మారితే లోపలి వేడి మారుతుంది, దానితో పాటు తేమ కూడా.